ఏ దిక్కుకు పోను అనే పిల్లలకు ఒక బంతి

శరణార్థి అనే మాట బాగా వాడుకలోకి రాకముందు తెలుగులో కాందిశీకుడు అనేవారు. బర్మా కాందిశీకులు అని పెద్దవాళ్లు ఇప్పటికీ అంటుంటారు. సంస్కృతంలో ‘కాం దిశమ్’ అంటే ‘ఏ దిక్కుకు?’ అని. ప్రాణభయంతో పరుగెత్తుతూ, ఎటు పోవాలో తోచనివాడు కాందిశీకుడు. మనం దిక్కు అనే మాటకు ఇంకో అర్థం కూడా కలుపుకున్నాం. ‘నాకు దిక్కెవరు’ అని ఎవరైనా అంటే వాళ్లు అడిగేది తూర్పో పడమరో కాదు, ఆసరా. ఇల్లూ ఊరూ వదిలి వచ్చిన పదమూడేళ్ల పిల్లవాడికి ఈ రెండు దిక్కులూ ఒకేసారి పోతాయి.

అలాంటి పిల్లలు కొత్త ఊళ్లో నిలదొక్కుకోవడానికి చాలా దేశాల్లో ఫుట్‌బాల్‌ను ఆసరాగా వాడుతున్నారు. వాళ్లనూ ఊరి పిల్లలనూ ఒక గ్రౌండ్‌లోకి తెచ్చి, వారం వారం ఆడించి, ఆ ఆట చుట్టూ చదువు, భోజనం, స్నేహం అల్లుతున్నారు. వినడానికి చాలా తేలికైన పనిలా ఉంటుంది. బంతి వేస్తే పిల్లలు వాళ్లంతట వాళ్లే కలిసిపోతారని నేను కూడా చాలాకాలం నమ్మాను. ఒంగోలు చుట్టుపక్కల గ్రౌండ్లలో చూసినవాటితోనూ, ఈ విషయం మీద జరిగిన పరిశోధనలు చదవడంతోనూ ఆ నమ్మకం మారింది. ఆట కలుపుతుంది. కానీ ఎలా ఆడిస్తున్నామన్నదాన్ని బట్టి అదే ఆట విడదీస్తుంది కూడా. కలిపినా ఎంతవరకు కలుపుతుందో దానికొక హద్దు ఉంది.

ముందు ఎవరి గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క ప్రకారం 2024 చివరికి ప్రపంచంలో 12 కోట్ల 32 లక్షల మంది యుద్ధాలు, హింస, వేధింపుల వల్ల ఇళ్లు వదిలి బతుకుతున్నారు. వాళ్లలో సుమారు 40 శాతం పిల్లలే. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: ఆ మొత్తంలో 7 కోట్ల 35 లక్షల మంది సొంత దేశం సరిహద్దు దాటలేదు. దేశంలోనే ఒక మూల నుంచి ఇంకో మూలకు పారిపోయారు. చట్టం ప్రకారం వీళ్లను శరణార్థులు అనరు, నిర్వాసితులు అంటారు.

మన దేశం 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు. ఇక్కడ శరణార్థుల కోసం ప్రత్యేకంగా ఒక చట్టం కూడా లేదు. టిబెటన్లకు ఒక ఏర్పాటు, శ్రీలంక తమిళులకు ఇంకో ఏర్పాటు, రోహింగ్యాలకు మరో పరిస్థితి. నెల్లూరు నుంచి చెన్నై వెళ్లే దారిలో తడ దాటి తమిళనాడులో అడుగుపెట్టిన కాసేపటికి గుమ్మిడిపూండి వస్తుంది. అక్కడ శ్రీలంక తమిళుల శిబిరం ఉంది. 1983 జూలై అల్లర్లతో మొదలైన వలస అది. తమిళనాడు ప్రభుత్వం 2021లో ఈ శిబిరాల పేరును పునరావాస శిబిరాలుగా మార్చింది. ఆ శిబిరాల్లోనే పుట్టి, శ్రీలంకను ఒక్కసారి కూడా చూడకుండా పెళ్లిళ్లయి పిల్లల్ని కన్న తరం ఉంది. మనం బస్సులో కునుకు తీస్తూ దాటిపోయే ఊరు అది.

మన జిల్లాల్లో ఎక్కువగా కనిపించేది వేరే వలస. నెల్లూరు జిల్లాలో ఇటుక బట్టీలకు పశ్చిమ ఒడిశా నుంచి, ముఖ్యంగా బొలంగీర్, నువాపడా వైపు నుంచి, కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. అక్కడ కొత్త పంట పండుగ నువాఖాయి అయిపోగానే కూలీలను కుదిర్చే మేస్త్రీలు అడ్వాన్సులిచ్చి మాట తీసుకుంటారు. మన దసరా, దీపావళి దాటాక దిగిన కుటుంబాలు మళ్లీ వానలు పడేముందు వెళ్లిపోతాయి. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో, ఒంగోలు చుట్టూ పాలిషింగ్ యూనిట్లలో ఉత్తరాది కూలీలు ఉంటారు. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలోనూ అంతే. వీళ్లు శరణార్థులు కారు, దేశ పౌరులు. ఈ తేడాను చెరిపేస్తే ఇద్దరికీ అన్యాయమే: శరణార్థికి తిరిగి వెళ్లడానికి చోటు ఉండదు, బట్టీ కూలీకి హక్కులు ఉండి కూడా అందవు. కానీ పిల్లవాడి వైపు నుంచి చూడండి. భాష రాదు, బడి మధ్యలో ఆగింది, ఊళ్లో తనను పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ కలిపి ఒకటే పేరు: ‘ఒరిస్సావాళ్లు’ లేదా ‘హిందీవాళ్లు’. ఆ పిల్లవాడు గ్రౌండ్ గోడ మీద కూర్చుని ఆట చూస్తున్నప్పుడు, ఎక్కడో జర్మనీలోనో జోర్డాన్‌లోనో శరణార్థి పిల్లల కోసం నేర్చుకున్న పాఠం ఇక్కడా పనికొస్తుంది.

జట్లు ఎలా వేశామన్నదే అసలు సంగతి

చీమకుర్తి వైపు ఒక హైస్కూల్ గ్రౌండ్‌లో కొన్నేళ్ల కిందట చూసిన సంగతి ఇది. చలికాలం సాయంత్రం, ఊరి పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. గోడ మీద నలుగురు క్వారీ కూలీల పిల్లలు. వాళ్లనెందుకు పిలవలేదని అడిగితే, “వాళ్లకు తెలుగు రాదు సార్” అన్నాడొకడు. క్రికెట్‌లో ఎవరి బ్యాటైతే వాడిదే మొదటి బ్యాటింగ్ అన్న నియమం ఒకటుంది కదా, బ్యాట్ లేనివాళ్లకు పిలుపూ ఉండదు. అక్కడి డ్రిల్లు మాస్టారు మంచి మనిషి. మర్నాడు ఒక ఫుట్‌బాల్ తెచ్చి, రెండు జట్లు చేశారు. ఇటు ఊరి పిల్లలు, అటు కూలీల పిల్లలు. మొదటిరోజు సరదాగానే సాగింది. మూడోరోజుకు కాలు అడ్డం పెట్టారని గొడవ, దాని వెంట తిట్లు. ఆ తిట్లలో రాష్ట్రం పేరు వచ్చింది. నాలుగోరోజు గోడ మీద కూడా ఎవరూ లేరు.

మాస్టారు చేసిన పొరపాటు చాలామంది చేసేదే. రెండు వర్గాలు ఒకచోట ఆడితే చాలు దగ్గరవుతాయని అనుకోవడం. 1969 జూన్‌లో ఎల్ సాల్వడార్, హోండురస్ ప్రపంచకప్ అర్హత కోసం మూడు మ్యాచ్‌లు ఆడాయి. జూలై 14న ఆ రెండు దేశాల మధ్య యుద్ధం మొదలై నాలుగు రోజులకు పైగా సాగింది. చరిత్రలో దానికి ఫుట్‌బాల్ యుద్ధం అనే పేరు పడింది. అసలు గొడవ ఆట గురించి కాదు. బతుకుతెరువు కోసం హోండురస్ వెళ్లి స్థిరపడిన లక్షల మంది సాల్వడార్ రైతుల గురించి, వాళ్లను భూముల నుంచి వెళ్లగొట్టడం గురించి. వలసవాళ్ల మీద అప్పటికే రాజుకుంటున్న కోపానికి మ్యాచ్‌లు గాలి ఊదాయి. ‘మనవాళ్లు, వాళ్లు’ అని ముందే గీసి ఉన్న గీత మీదే జట్లను నిలబెడితే, ప్రతి గోల్‌కూ ఆ గీత ఇంకాస్త లోతవుతుంది.

దీన్ని ఊహగా వదిలేయకుండా కొలిచి చూసినవాళ్లు ఉన్నారు. మాట్ లో అనే ఆర్థికవేత్త ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 1,261 మంది యువకులను తీసుకుని, వాళ్లలో 800 మందితో క్రికెట్ లీగ్‌లు నడిపాడు. మిగతావాళ్లను పోల్చి చూడటానికి ఆట బయటే ఉంచాడు. ఎవరు ఏ జట్టులో ఉండాలో, ఎవరితో తలపడాలో చీటీలు తీసినట్టుగా నిర్ణయించాడు. కొన్ని జట్లలో అంతా ఒకే కులం, కొన్నింట్లో వేర్వేరు కులాల వాళ్లు. 2021లో అచ్చయిన ఆ ఫలితాలు మనలాంటి ఊళ్లవాళ్లు గోడ మీద రాసి పెట్టుకోదగ్గవి. ఒకే జట్టులో కలిసి ఆడినవాళ్లకు వేరే కులంలో స్నేహితులు పెరిగారు, సొంత కులం వాడికే మొగ్గు చూపడం తగ్గింది. ఎదుటి జట్టులో వేరే కులం వాళ్లతో తలపడినప్పుడు మాత్రం దానికి ఉల్టా జరిగింది, దూరం పెరిగింది. మొత్తం మీద లీగ్ వల్ల మేలే ఎక్కువని తేలింది. ఆ మేలు మాత్రం పక్కన నిలబడి ఆడినవాళ్ల దగ్గర నుంచి వచ్చింది.

కారణం పెద్ద రహస్యమేం కాదు. గార్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే చెప్పాడు: వేర్వేరు వర్గాల వాళ్లు ఒకచోట కలిసినంత మాత్రాన దురభిప్రాయాలు పోవు. ఆ చోట ఇద్దరి స్థాయీ సమానంగా ఉండాలి, ఇద్దరికీ ఒకే లక్ష్యం ఉండాలి, ఒకరి సాయం లేకుండా ఇంకొకరు దాన్ని చేరుకోలేని పరిస్థితి ఉండాలి, పైన ఉన్న పెద్దలు ఆ కలయికను మెచ్చాలి. బట్టీ దగ్గర ఓనరూ కూలీ రోజూ కలుస్తారు, కానీ ఈ నాలుగింటిలో ఒక్కటీ అక్కడ లేదు. ఫుట్‌బాల్ జట్టులో నాలుగూ ఉంటాయి. నువ్వు పాస్ ఇవ్వకపోతే నేను గోల్ కొట్టలేను. నువ్వు ఏ భాషలో అరిచినా సరే, బంతి నా కాలి దగ్గరికి రావాలి.

ఇక్కడే మన ప్రాంతానికి ఫుట్‌బాల్ ఎందుకు నప్పుతుందో చెప్పాలి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వీధి వీధికీ క్రికెట్టే. ఆ ఆటలో ఊరి పిల్లలు ముందే ఆరితేరి ఉంటారు. ఫుట్‌బాల్ విషయంలో ఊరి పిల్లలు కూడా కొత్తవాళ్లే. ఒడిశా, బెంగాల్, అస్సాం నుంచి వచ్చిన పిల్లల్లో కొందరికి ఆ ఆట ముందే పరిచయం ఉంటుంది. అంటే గ్రౌండ్‌లోకి అడుగుపెట్టేసరికి వచ్చినవాడు అడుక్కునే స్థితిలో లేడు, నేర్పే స్థితిలో ఉన్నాడు. ఈ ఒక్క మార్పు పిల్లల చూపులను ఎంత మారుస్తుందో చెప్పలేను. ‘ఒరే, ఆ తిప్పడం ఎలాగో చూపించరా’ అని అడిగిన మరుక్షణం ఆ పిల్లవాడికి ఒక పేరు వస్తుంది.

ఆ హైస్కూల్ మాస్టారు తర్వాత చేసింది కూడా చెప్పాలి. వారం ఆగి, క్వారీ క్వార్టర్స్‌కు స్వయంగా వెళ్లి పిల్లల్ని పిలుచుకొచ్చారు. ఈసారి చొక్కాల చేతులు మడిచినవాళ్లు ఒక జట్టు, మడవనివాళ్లు ఇంకో జట్టు. ప్రతి జట్టులోనూ ఇద్దరు కూలీల పిల్లలు. గొడవలు అప్పుడూ జరిగాయి. కానీ గొడవపడేది ఇప్పుడు చేతులు మడిచినవాళ్లూ మడవనివాళ్లూ. మర్నాటికి జట్లు మారిపోయేవి, వాటితో పాటే గొడవా పోయేది.

మోసూల్ హోటల్‌కు మాత్రం వెళ్లలేదు

ఇరాక్‌లో ఐసిస్ ఉగ్రవాదుల దాడులకు ఇళ్లు వదిలి పారిపోయిన క్రైస్తవులు ఎర్బిల్ నగరం దగ్గర అంకావా అనే చోట తలదాచుకున్నారు. కొందరు తర్వాత సొంత ఊరు కరకోష్‌కు తిరిగి వెళ్లారు. ముస్లిం ఇరుగుపొరుగు తమను కాపాడలేదన్న బాధ వాళ్లలో లోతుగా ఉండిపోయింది. సల్మా మూసా అనే పరిశోధకురాలు అక్కడ 51 అమెచ్యూర్ ఫుట్‌బాల్ జట్లతో లీగ్‌లు నడిపింది. అన్నీ క్రైస్తవ జట్లే. వాటిలో కొన్నింటికి అదనంగా ముస్లిం ఆటగాళ్లను కలిపింది, మిగతావాటికి అదనంగా క్రైస్తవులనే కలిపింది. సీజన్ అయ్యాక కొన్ని నెలల పాటు వాళ్ల ప్రవర్తనను గమనించింది. మాటల్లో ఏం చెప్పారన్నది పక్కన పెట్టి, ఏం చేశారన్నదే చూసింది. 2020లో ఫలితాలు వచ్చాయి.

ముస్లింలతో కలిసి ఆడిన క్రైస్తవులు మంచి నడవడికకు ఇచ్చే బహుమతికి ఎదుటి జట్టులోని ముస్లిం ఆటగాడికి ఓటు వేయడానికి వెనకాడలేదు. వచ్చే సీజన్‌లో కూడా మిశ్రమ జట్టులోనే ఆడతామని పేరు రాయించుకున్నారు. ఆరు నెలల తర్వాత కూడా ముస్లింలతో కలిసి ప్రాక్టీస్ చేస్తున్నారు. ఇంతవరకు కళ్లు చెమర్చే కథే. అయితే ఆమె ఇంకో రెండు చూసింది. ముస్లింలు ఎక్కువగా ఉండే మోసూల్ నగరంలోని హోటల్‌కు భోజనానికి వెళ్తారా? రెండు మతాల వాళ్లూ వచ్చే ఒక విందుకు వస్తారా? ఆ రెండు చోట్లా మిశ్రమ జట్లలో ఆడినవాళ్లకూ ఆడనివాళ్లకూ తేడా కనిపించలేదు.

అంటే నమ్మకం జట్టు మనుషుల వరకు వచ్చింది, ముక్కూ మొహం తెలియని వాళ్ల దగ్గరికి పోలేదు. ‘మా జట్టులో అలీ మంచివాడు’ అన్నది నిజం. ‘వాళ్లంతా మనలాంటివాళ్లే’ అన్న చోటికి అది నడిచి వెళ్లలేదు. గ్రౌండ్ గీత దగ్గర ఆగిపోయింది.

నెల్లూరువాళ్లకు ఇది చదవగానే ఒక సంగతి గుర్తుకు రావాలి. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ జరుగుతుంది. మతం అడగకుండా, కులం అడగకుండా, మోకాలి లోతు నీళ్లలో నిలబడి ముక్కూ మొహం తెలియనివాళ్లు రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె అంటూ కోరిక తీరినవాడు ఇస్తే కోరుకునేవాడు తీసుకుంటాడు. ఇంత గొప్ప కలయిక ఇంకెక్కడైనా ఉంటుందా అనిపిస్తుంది, నాకైతే ఒళ్లు పులకరిస్తుంది. కానీ పండుగ అయ్యాక అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు ఆ చెరువులో నిలబడినవాళ్లకే వేరే అనుభవం ఎదురవుతుంది. నీళ్లలో నిజంగా కలిసినవాళ్లే గట్టు మీద విడిపోతారు. ఇరాక్‌లో మూసా కొలిచింది ఈ గట్టునే.

కాబట్టి ఫుట్‌బాల్ కార్యక్రమం పెట్టేవాళ్లు రెండు పనులు వేరువేరుగా చూసుకోవాలి. గ్రౌండ్‌లో పిల్లల్ని కలపడం ఒకటి. అక్కడ పుట్టిన స్నేహాన్ని ఇంటి దాకా, బడి దాకా, అంగడి దాకా నడిపించడం రెండోది. మొదటిది ఆట చేస్తుంది. రెండోది పెద్దవాళ్లం చేయాలి.

గ్రౌండ్ బయట జరిగే పని

అల్ఫోన్సో డేవిస్ పేరు ఫుట్‌బాల్ చూసేవాళ్లకు తెలుసు. 2000లో ఘనాలోని బుడుబురామ్ శరణార్థి శిబిరంలో పుట్టాడు. తల్లిదండ్రులు లైబీరియా అంతర్యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్లు. ఐదేళ్ల వయసులో కెనడా వెళ్లి, తర్వాత అక్కడి ఎడ్మంటన్ నగరం చేరాడు. ప్రపంచకప్ చరిత్రలో కెనడా పురుషుల జట్టు కొట్టిన మొట్టమొదటి గోల్, 2022లో, అతనిదే. ఈ కథను అందరూ ప్రతిభ కథగా చెబుతారు. నేను దాన్ని బస్సు కథగా చదువుతాను. ఎడ్మంటన్‌లో ఫ్రీ ఫుటీ అనే లీగ్ ఉంది. క్లబ్ ఫీజు కట్టలేని, బూట్లు కొనుక్కోలేని, గ్రౌండ్ దాకా తీసుకెళ్లే మనిషి లేని పిల్లల కోసం బడి అయిపోయాక నడిచే లీగ్ అది. ఫీజు లేదు, సామగ్రి వాళ్లే ఇస్తారు, ప్రయాణం ఏర్పాటూ వాళ్లదే. డేవిస్ అక్కడ ఆడాడు. ఆ బస్సు లేకపోతే ఆ కాళ్లలో ఏముందో ఎవరికీ తెలిసేది కాదు.

అమెరికాలో అట్లాంటా నగరం పక్కన క్లార్క్‌స్టన్ అనే చిన్న పట్టణం ఉంది. అనేక దేశాల శరణార్థులను అక్కడ స్థిరపరిచారు. జోర్డాన్ నుంచి వెళ్లిన లూమా ముఫ్లేహ్ 2004లో అక్కడి వీధిలో ఆడుతున్న శరణార్థి పిల్లల్ని చూసి, వాళ్లతో జట్టు కట్టింది. కొన్నాళ్లకు ఆమెకు తెలిసిందేమిటంటే, బడికి వెళ్తున్న ఆ పిల్లల్లో కొందరికి చదవడమే రాదు. వయసును బట్టి తరగతిలో కూర్చోబెట్టారు గానీ అక్షరాలు ఎవరూ నేర్పలేదు. అప్పటినుంచి చదువు క్లాసుకు వస్తేనే ఆట అన్న నియమం పెట్టింది. తర్వాత వాళ్ల కోసమే బడి తెరిచింది. కోచ్‌గా మొదలైన మనిషి బడి నడిపే మనిషిగా మారింది. ఈ ఉదాహరణ నాకు అన్నింటికన్నా దగ్గరగా అనిపిస్తుంది, ఎందుకంటే ఆట అక్కడ ఒక కిటికీలా పనిచేసింది. అందులోంచి చూస్తే తప్ప పిల్లవాడి అసలు అవసరం కనిపించేది కాదు.

మన దగ్గర కూడా ఆ కిటికీ తెరిస్తే కనిపించేవి ఇవే. బట్టీ పిల్లవాడు ఉదయం అమ్మానాన్నలతో పాటు పచ్చి ఇటుకలు తిరగేస్తాడు. వెయ్యి ఇటుకలకు ఇంత అని కూలీ లెక్క కాబట్టి ఇంట్లో ప్రతి చెయ్యీ పనిలో ఉంటుంది. బడిలో చేర్చమంటే టీసీ లేదంటారు, ఆధార్ అడ్రస్ వేరే రాష్ట్రం అంటారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు ధ్రువపత్రం లేదనీ, టీసీ ఆలస్యమైందనీ చేర్చుకోకుండా ఉండకూడదు. చట్టం ఉంది, దాన్ని పట్టుకుని బడి గేటు దాకా వెళ్లే పెద్ద మనిషి ఉండడు. సాయంత్రం గ్రౌండ్‌కు వచ్చే కోచ్ ఆ పెద్ద మనిషి కావచ్చు. కానీ ఒక్క మాట గట్టిగా చెప్పాలి: బంతి ఇచ్చి బాకీ మరిపించకూడదు. అడ్వాన్సు తీర్చేదాకా కదలకూడదని ఒక కుటుంబాన్ని కట్టిపడేస్తే అది వెట్టిచాకిరీ, 1976 నుంచి చట్టరీత్యా నేరం. ఆ విషయం మీద మాట్లాడకుండా పిల్లలకు జెర్సీలు పంచి ఫొటోలు దిగడం వాళ్లకు చేసే సాయం కాదు.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే ‘అందరికీ’ అని బోర్డు పెడితే వచ్చేది మగపిల్లలే. నాదియా నదీమ్ ఆఫ్ఘనిస్తాన్‌లో హెరాత్‌లో పుట్టింది. 2000లో తాలిబన్లు తండ్రిని చంపేశాక తల్లి ఐదుగురు ఆడపిల్లలతో పారిపోయి డెన్మార్క్ చేరింది. అక్కడి శరణార్థి కేంద్రం పక్కనున్న మైదానంలో ఆడుతున్న అమ్మాయిలను చూసి ఆట నేర్చుకున్న నాదియా, డెన్మార్క్ జాతీయ జట్టు తరఫున 2017 యూరో ఫైనల్లో గోల్ కొట్టింది. ఆ తర్వాత డాక్టర్ చదువు కూడా పూర్తి చేసింది. పక్క మైదానంలో అమ్మాయిలు ఆడుతూ కనిపించారు కాబట్టే ఆమెకు తానూ ఆడొచ్చని తోచింది. తలకు గుడ్డ కట్టుకుని ఆడటానికి అంతర్జాతీయ నిబంధనలు పూర్తిగా ఒప్పుకున్నది 2014లో. అంతకుముందు ఎంతమంది అమ్మాయిలు గ్రౌండ్ అంచునే ఆగిపోయారో తలుచుకుంటే బాధేస్తుంది. మన దగ్గర నిబంధన అడ్డం రాదు. టైమింగ్ అడ్డం వస్తుంది, చీకటి పడితే ఇంటికి తోడు ఎవరన్న టెన్షన్ అడ్డం వస్తుంది, చెల్లిని ఎత్తుకోవాల్సిన బాధ్యత అడ్డం వస్తుంది. చంటిపిల్లను గట్టు మీద కూర్చోబెట్టి చూసుకునే మనిషిని పెడితే, అక్క ఆడుతుంది.

మూడో భాగం ఉన్న ఫుట్‌బాల్ గురించి కూడా చెప్పుకోవాలి. 1994 ప్రపంచకప్‌లో పొరపాటున తన జట్టు గోల్‌లోకే బంతి పంపిన కొలంబియా ఆటగాడు ఆంద్రేస్ ఎస్కొబార్‌ను కొద్దిరోజులకే మెడెలిన్‌లో కాల్చి చంపారు. అప్పుడు ఆ ఊళ్లోనే ఉన్న యూర్గన్ గ్రీస్‌బెక్ అనే జర్మన్, గ్యాంగుల మధ్య నలుగుతున్న యువకుల కోసం కొత్త పద్ధతిలో ఆట మొదలుపెట్టాడు. ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకే జట్టు, మొదటి గోల్ అమ్మాయే కొట్టాలి. ఆటకు ముందు రెండు జట్లూ కూర్చుని నియమాలు తామే ఒప్పుకోవాలి. రిఫరీ ఉండడు. ఆట అయ్యాక, మూడో భాగంగా, మళ్లీ కూర్చుని, ఎవరు మాట మీద నిలబడ్డారో మాట్లాడుకుని పాయింట్లు ఇచ్చుకోవాలి. ఇదే ఇప్పుడు ‘ఫుట్‌బాల్ త్రీ’ పేరుతో చాలా దేశాల్లో నడుస్తోంది. భాష రాని పిల్లలున్నచోట ఈ మూడో భాగం కష్టమే. అయినా వదలకూడదు. నాలుగు తెలుగు మాటలు, నాలుగు ఒడియా మాటలు అక్కడే మారతాయి.

‘మన పిల్లలకే దిక్కులేదు’

ఈ మాట ఎక్కడైనా వినిపిస్తుంది, మన ఊళ్లలో ఇంకాస్త గట్టిగా. ‘మన పిల్లలకే గ్రౌండ్ లేదు, బయటివాళ్లకా?’ దీన్ని సంకుచితత్వమని కొట్టిపారేయడం నాకు నచ్చదు. అందులో నిజం ఉంది. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం కట్టేటప్పుడు ఆ దీవిలో తరతరాలుగా బతికిన యానాదులు దీవి వదిలి రావాల్సి వచ్చింది. అప్పటి నెల్లూరు జిల్లా అది. ఇప్పటికీ ఎస్టీ కాలనీల్లో బడి మానేసిన యానాది పిల్లలు కనిపిస్తారు. వెలిగొండ ప్రాజెక్టు కోసం పశ్చిమాన ఊళ్లకు ఊళ్లే మునకలోకి వెళ్తున్నాయి. కనిగిరి, మార్కాపురం వైపు నుంచి కరువుకు తట్టుకోలేక హైదరాబాద్, బెంగళూరు వెళ్లి, అక్కడ ‘బయటివాళ్లు’ అనిపించుకునేవాళ్లు మన అన్నదమ్ములే. స్థానికులు అనే మాటలో ఇంతమంది ఉన్నారు. వాళ్లను వదిలేసి కేవలం వచ్చినవాళ్ల కోసం ఆట పెడితే అది మూడు నెలలు కూడా నిలబడదు.

ఉగాండా ఆఫ్రికాలోనే అత్యధికంగా శరణార్థులున్న దేశాల్లో ఒకటి. శరణార్థుల ప్రాంతాలకు వచ్చే సాయంలో 30 శాతం చుట్టుపక్కల స్థానికులకు వెళ్లాలన్న నియమాన్ని అక్కడ పాటిస్తారు. కొత్త బోరింగ్ పడితే ఊరివాళ్లకూ నీళ్లు దొరుకుతాయి, అందుకే వచ్చినవాళ్ల మీద కోపం తక్కువ. నైరోబీలోని మథారే మురికివాడలో 1987లో మొదలైన యువజన క్రీడా సంఘం ఇంకో దారి చూపింది. అక్కడ పిల్లల జట్లకు మ్యాచ్ గెలిస్తేనే కాదు, వీధుల్లో చెత్త ఎత్తినా లీగ్ పాయింట్లు వస్తాయి. ఊరికి ఉపయోగపడే జట్టును ఊరు తన జట్టు అనుకుంటుంది. నన్నడిగితే మన గ్రౌండ్లలో మొదటి పాయింట్లు ఆ గ్రౌండ్‌లోని సర్కారు తుమ్మ ముళ్లు ఏరినవాళ్లకు ఇవ్వాలి.

ఇది ఎంత క్లిష్టమైనా ఒక ఆశ మిగిలే ఉంది. మణిపూర్‌లో 2023 మే 3న మొదలైన హింసలో మైతేయి, కుకీ ప్రజలు ఒకరి ప్రాంతంలోకి ఒకరు అడుగుపెట్టలేని స్థితి వచ్చింది. ఆ సెప్టెంబర్‌లో భూటాన్‌లో జరిగిన అండర్-16 దక్షిణాసియా ఫైనల్లో భారత్ 2-0తో బంగ్లాదేశ్‌ను ఓడించింది. ఒక గోల్ మైతేయి అబ్బాయిది, ఒకటి కుకీ అబ్బాయిది. అది వాళ్ల ఊళ్ల మధ్య మంటను ఆర్పలేదు. కానీ ఆ పిల్లలు ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో నెలల తరబడి ఉండగలిగారు.

మన దగ్గర మొదలుపెట్టాలంటే

ఖర్చు పెద్ద అడ్డంకి కాదు. ఒక బంతి, గోల్ కోసం నాలుగు ఇటుకలు చాలు. ఐదుగురు చొప్పున ఆడితే పాతిక మంది పిల్లలకు హైస్కూల్ గ్రౌండ్‌లో ఒక మూల సరిపోతుంది. బూట్లు అందరికీ ఇవ్వలేకపోతే అందరూ ఒట్టి కాళ్లతోనే ఆడాలి, ఇది కచ్చితం. సగం మందికి బూట్లుంటే సమానత్వం మొదటి నిమిషంలోనే పోతుంది. మన ఎండలకు ఏప్రిల్ నుంచి తెల్లవారుజామున ఆడాల్సిందే. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, పిల్లల సంగతి చెప్పాలా.

రిజిస్ట్రేషన్లు, అధికారిక టోర్నమెంట్లు మొదట్లోనే పెట్టుకోవద్దు. కాగితాలు అడిగిన చోట వలస పిల్లలు ఆగిపోతారు. అంతర్జాతీయ స్థాయిలో కూడా ఈ చిక్కు ఉంది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలు దేశం మారి క్లబ్‌లో చేరకుండా ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిషేధం పెట్టింది, పిల్లల అక్రమ రవాణాను ఆపడానికి. శరణార్థి పిల్లలు అందులో ఇరుక్కుపోతుంటే వాళ్లకు మినహాయింపులు ఇవ్వాల్సి వచ్చింది. ఒక్కరోజు టోర్నమెంట్ పెట్టి కప్పు ఇచ్చి పంపేయడం కన్నా, కప్పు లేకుండా వారానికి రెండుసార్లు ఆడించడం ఎన్నో రెట్లు మేలు.

కోచ్ ఎవరన్నది చాలా జాగ్రత్తగా చూడాలి. కష్టం చూసి వచ్చిన పిల్లవాడు మొదట నమ్మే మనిషి అతనే. ఆ నమ్మకాన్ని దుర్వినియోగం చేసేవాళ్లు ఉంటారు, పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం గురించి ప్రతి కోచ్‌కూ తెలియాలి, పిల్లలతో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. కోచ్ పిల్లల కథలు అడగకూడదు. ‘మీ ఊళ్లో ఏం జరిగింది, ఎందుకొచ్చారు’ అని నలుగురిలో అడిగితే మానిపోతున్న పుండును కెలికినట్టే. చెప్పాలనిపించినప్పుడు వాళ్లే చెబుతారు, వినే మనిషి ఉంటే చాలు.

ఇక కాలం. బట్టీల సీజన్ మన ఆట సీజన్ కావాలి. నవంబర్ చివర్లో కుటుంబాలు కుదురుకుంటాయి. డిసెంబర్ మొదటి వారంలో ఆట మొదలుపెడితే, సంక్రాంతికి ఆరు వారాలు. ఈ ఆరు వారాల్లో ఎన్ని మ్యాచ్‌లు జరిగాయి, ఎంతమంది పిల్లలు వచ్చారు అని రిజిస్టర్లో రాసుకోవచ్చు, దాతలకు చూపించడానికి అవి కావాలి. నేను మాత్రం ఒక్కటే రాసుకుంటాను. భోగి మంటల తర్వాత, అరిసెలు వండిన రోజున, బట్టీ పిల్లల్లో ఎంతమంది తమ జట్టులోని ఊరి పిల్లల ఇళ్లలో కూర్చుని తిన్నారు, ఎవరు పిలిచారు, ఏ వీధిలో.